మా మామ్మ వేలు ఎందుకు పడలేదు? ఎర్రర్ మెసేజ్‌ల వెనక కథ

ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, నందిగాంలో మా ఇంటి మేడ మీద కూర్చుని చేస్తున్నాను. మధ్యలో కోడి కూస్తే ఏమనుకోకండి, దాన్ని ఆపడం నా వల్ల కాలేదు.

నేను బీటెక్ సెకండియర్‌లో ఉన్నప్పటి సంగతితో మొదలుపెడతాను. సెలవులకి ఇంటికొచ్చాను. మా మామ్మ పొద్దున్నే సంచీ పట్టుకుని రేషన్ డిపోకి వెళ్ళింది. మధ్యాహ్నం ఖాళీ సంచీతో తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని తన చేతి వేళ్ళు చూసుకుంటోంది. ఏమైందని అడిగితే, "నా ఏలు పడనేదట బావూ. అరిగిపోనాయంట. రేపు రమ్మన్నాడు" అంది.

రెండో రోజు నిమ్మచెక్కతో వేళ్ళు రుద్దుకుని వెళ్ళింది. పడలేదు. మూడో రోజు కొబ్బరినూనె రాసుకుని, సబ్బుతో కడుక్కుని, పైటచెంగుతో తుడుచుకుని మరీ వెళ్ళింది. పడలేదు. ఆ సాయంత్రం నన్ను పిలిచి, "నువ్వు కంప్యూటరు సదువుతున్నావు గదా, అదేటంతందో ఓపాలి సూసి సెప్పవా" అని అడిగింది.

నేను చెప్పిన సమాధానం నాకు ఇప్పటికీ గుర్తుంది. "పిక్కల ఫ్యాక్టరీలో ఇన్నేళ్ళు చేశావు కదా మామ్మా, నీ వేలిముద్రలు అరిగిపోయాయి" అన్నాను. డిపోకి వెళ్ళలేదు, మిషన్ స్క్రీన్ చూడలేదు. డీలరు చెప్పిన మాటనే కొంచెం సైన్సు కలిపి మళ్ళీ చెప్పానంతే.

అయితే నేను చెప్పింది పూర్తిగా తప్పేం కాదు. పలాస, కాశీబుగ్గ వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ మిగతా వాళ్ళ కోసం చెప్తాను. జీడిపిక్క పెంకులో ఒక నూనె ఉంటుంది. అందులో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ లాంటి రసాయనాలు ఉంటాయి. ఆ నూనె తగిలితే చర్మం కాలినట్టు అయిపోతుంది, నల్లబడుతుంది, పొరలుగా ఊడిపోతుంది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకి బూడిదో ఆముదమో రాసుకుని కూర్చునేది అందుకే. ఏళ్ళ తరబడి ఆ పని చేస్తే వేలి చివరన గీతలు నిజంగానే పల్చబడతాయి. వయసుతో కూడా పల్చబడతాయి.

కానీ ఆ మూడు రోజులూ మిషన్ చెప్పింది అదేనా? ఇప్పటికీ నాకు తెలీదు. మామ్మకీ తెలీదు. స్క్రీన్ మీద వచ్చింది ఇంగ్లీషులో ఒక లైను, పక్కన ఒక నంబరు. అది డీలరు నోట్లోంచి బయటికొచ్చేసరికి "వేలు పడలేదు" అయింది.

ఈ "వేలు పడలేదు" అనే మాట ఒకసారి చూడండి. "మిషన్ చదవలేకపోయింది" అని ఎవరూ అనరు. తప్పు చేసింది వేలు. వేలు ఎవరిది? మామ్మది. అక్కడితో కేసు క్లోజ్.

తర్వాత నేను ఉద్యోగంలో చేరాక ఒకరోజు పని మీద ఆధార్ అథెంటికేషన్ డాక్యుమెంట్ చదవాల్సి వచ్చింది. యూఐడీఏఐ వాళ్ళే డెవలపర్ల కోసం పబ్లిక్‌గా పెట్టిన స్పెసిఫికేషన్ అది. వేలు పెట్టగానే మిషన్ దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతుంది. మధ్యలో రెండు మూడు ఏజెన్సీల సర్వర్లు దాటి అది ఆధార్ సెంట్రల్ డేటాబేస్‌కి చేరుతుంది. అక్కడి నుంచి వచ్చే జవాబు ఒక్క అక్షరం, అవునా కాదా అని. కాదు అయితే దానితోపాటు ఒక ఎర్రర్ కోడ్ వస్తుంది.

ఆ కోడ్ల పట్టిక చూసి నాకు కాసేపు మాట రాలేదు.

300 అంటే బయోమెట్రిక్ మ్యాచ్ కాలేదని. మనందరం అనుకునేది ఇదే. 330 అంటే ఆ మనిషి బయోమెట్రిక్ లాక్ అయి ఉందని. అన్‌లాక్ చేసే దాకా ఎన్ని నిమ్మచెక్కలు రుద్దినా పడదు. 811 అంటే ఆ నంబరు మీద డేటాబేస్‌లో బయోమెట్రిక్ డేటాయే లేదని. 998 అంటే ఆధార్ నంబరే చెల్లదని, అంటే కార్డుకి లింక్ చేసేటప్పుడు ఎవరో ఒక అంకె తప్పు కొట్టి ఉండొచ్చు. 562 అంటే రిక్వెస్ట్ మీద ఉన్న టైము భవిష్యత్తులో ఉందని. ఇది వినండి: మిషన్‌లో గడియారం ముందుకి ఉంటే కూడా వచ్చే ఎర్రర్ ఇది! 565 అంటే మధ్యలో ఉన్న ఏజెన్సీ లైసెన్స్ కీ గడువు అయిపోయిందని. 930ల్లో ఉన్నవి సర్వర్ లోపలి టెక్నికల్ ఎర్రర్లు.

ఒక్కోదానికి మందు వేరు. ఒకదానికి ఇంకో వేలు పెట్టి చూడాలి, ఒకదానికి ఆధార్ సెంటర్‌కి వెళ్ళాలి, ఒకదానికి తహసీల్దార్ ఆఫీసులో నంబరు సరిచేయించాలి, ఒకదానికి మిషన్ టైము మార్చాలి, ఇంకోదానికి సాయంత్రం దాకా ఆగితే చాలు. డిపో దగ్గర మాత్రం వీటన్నిటికీ ఒకటే తెలుగు అనువాదం: వేలు పడలేదు, రేపు రా.

ఇంకో సంగతి. ఆ డాక్యుమెంట్‌లో కోడ్ పక్కన ఇంకో కాలమ్ ఉంది, యూజర్‌కి ఏం చెప్పాలో సూచించే కాలమ్. 300 వస్తే మళ్ళీ వేలిముద్ర ఇవ్వమని చెప్పండి అన్నట్టు ఉంటుంది. అంటే డిజైన్ చేసినవాళ్ళు ఈ సంగతి ఆలోచించారు. ఆ ఆలోచన కాగితం మీంచి డిపో కౌంటర్ దాకా వచ్చే దారిలో ఎక్కడో జారిపోయింది.

సరే, అసలు ఈ అర్థం కాని భాష ఎక్కడ పుట్టింది? కొంచెం వెనక్కి వెళ్దాం.

మొదట్లో కంప్యూటర్ వాడేదీ, దానికి ప్రోగ్రాం రాసేదీ ఒకే మనిషి. కాబట్టి ఎర్రర్ మెసేజ్ అంటే ఇంజనీరు తనకి తాను రాసుకున్న చీటీ. ఆ చీటీ అలాగే 1980ల్లో జనం ఇళ్ళలోకి వచ్చేసింది. 1981లో వచ్చిన డాస్‌లో ఫ్లాపీ సరిగ్గా పెట్టకపోతే స్క్రీన్ మీద "అబార్ట్, రీట్రై, ఇగ్నోర్?" అని అడిగేది. మూడింట్లో ఏది నొక్కితే ఏమవుతుందో మామూలు మనిషికి ఎలా తెలుస్తుంది? తర్వాతి వెర్షన్లలో "ఫెయిల్" అని నాలుగోది కూడా కలిపారు. అర్థం కాని ఆప్షన్లు మూడు ఉంటే దాన్ని నాలుగు చేయడం అన్నమాట. నేను కూడా ఇంజనీర్నే కాబట్టి నవ్వే హక్కు నాకుంది.

ఆ రోజుల్లోనే ఆపిల్‌లో లీసా అనే కంప్యూటర్ తయారవుతోంది. మామూలు మనుషుల్ని పిలిచి, కూర్చోబెట్టి, వాళ్ళు ఎక్కడ తడబడుతున్నారో చూసేవాళ్ళు. అందులో ఒక బటన్ మీద "డూ ఇట్" అని ఉండేది. ఒకాయన అది నొక్కకుండా విసుక్కుంటున్నాడు. ఏమిటని అడిగితే, ఆ రెండు మాటల మధ్య గ్యాప్ కనపడక దాన్ని "డోల్ట్" అని చదివాడట. ఇంగ్లీషులో డోల్ట్ అంటే మొద్దు. కంప్యూటర్ నన్ను మొద్దు అంటోంది అని ఆయన కోపం. దాంతో ఆ బటన్ "ఓకే" అయింది. ఇవాళ మీ ఫోన్‌లో రోజుకి యాభై సార్లు నొక్కే ఓకే వెనక ఆ పెద్దమనిషి చిరాకు ఉంది.

తర్వాత విండోస్ 95. అందులో ప్రోగ్రాం ఆగిపోతే వచ్చే మెసేజ్, "ఈ ప్రోగ్రాం ఒక ఇల్లీగల్ ఆపరేషన్ చేసింది, మూసేస్తున్నాం" అని. ప్రాసెసర్ భాషలో ఇల్లీగల్ అంటే దానికి తెలియని, దాని రూల్స్‌లో లేని ఆదేశం, అంతకు మించి ఏం లేదు. కానీ మామూలు మనిషికి ఇల్లీగల్ అంటే పోలీసులు. నేనేదో నేరం చేశాను అని భయపడినవాళ్ళ కథలు ప్రపంచమంతా ఉన్నాయి. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చేసరికి దాన్ని మార్చి "సమస్య వచ్చింది, మూసేయాలి, అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్నట్టుగా చేశారు. మర్యాద పెరిగింది. సమాచారం మాత్రం పెరగలేదు.

ఇవన్నీ నవ్వుకునే కథలు. ఇప్పుడు చెప్పేది అలాంటిది కాదు.

థెరాక్-25 అని కెనడాలో తయారైన రేడియేషన్ మిషన్ ఉండేది, క్యాన్సర్ పేషెంట్ల కోసం. 1985 నుంచి 1987 మధ్య ఆరుగురికి అది విపరీతమైన డోసు ఇచ్చేసింది. అందులో కొందరు చనిపోయారు. 1986 మార్చిలో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం టైలర్ అనే ఊళ్ళో జరిగింది చెప్తాను. ఆపరేటర్‌గా ఉన్నావిడ అనుభవజ్ఞురాలు, టైపింగ్ స్పీడు ఎక్కువ. ఒక అక్షరం తప్పు కొట్టి, గబగబా పైకి వెళ్ళి సరిచేసి, ట్రీట్‌మెంట్ మొదలుపెట్టారు. మిషన్ ఆగింది. స్క్రీన్ మీద "మాల్‌ఫంక్షన్ 54" అని వచ్చింది. అంతే, ఇంకేం లేదు. మాన్యువల్‌లో 54 అంటే ఏమిటో వివరణ లేదు. పైగా ఇవ్వాల్సిన 202 యూనిట్లలో 6 మాత్రమే వెళ్ళాయని స్క్రీన్ చూపించింది.

ఆ మిషన్ రోజూ ఏదో ఒక నంబర్ చూపించి ఆగుతూనే ఉండేది. "పి" నొక్కితే మళ్ళీ నడిచేది. వాళ్ళకి అది అలవాటు. ఆవిడ పి నొక్కారు. నిజానికి మొదటి దెబ్బకే పేషెంట్‌కి ఇవ్వాల్సిన దానికి వంద రెట్ల దరిదాపుల్లో డోసు వెళ్ళిపోయింది. పి నొక్కడంతో రెండోసారి తగిలింది. గదిలో కెమెరా, ఇంటర్‌కామ్ రెండూ ఆ రోజు పనిచేయట్లేదు. ఆ మనిషి అయిదు నెలలకి చనిపోయాడు. తర్వాతి నెల అదే ఆస్పత్రిలో, అదే 54, ఇంకో ప్రాణం.

తర్వాత తేలిందేమిటంటే, 54 అంటే డోసు మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో వెళ్ళింది అని. దాన్ని అలాగే ఇంగ్లీషులో రాసి ఉంటే ఆవిడ పి నొక్కేవారా? అసలు బగ్ వేరే చోట ఉంది, అది కచ్చితంగా పెద్ద తప్పు. కానీ మెసేజ్ సరిగ్గా ఉండుంటే కనీసం రెండో దెబ్బ తప్పేదని నా అభిప్రాయం.

మళ్ళీ మన దగ్గరికి వద్దాం.

ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ డిపోల్లో ఈ-పోస్ మిషన్లు 2015 నుంచి మొదలయ్యాయి, దేశంలో ముందు వరసలో ఉన్న రాష్ట్రాల్లో మనది ఒకటి. వీటి వల్ల మేలు జరగలేదని నేను అనను. మా నాన్న ఇప్పటికీ చెప్తారు, ఒకప్పుడు కార్డు ఒకరిది, బియ్యం ఇంకొకరివి అయ్యేవట. దొంగ లెక్కలు తగ్గాయి. కానీ ఒక పెద్ద లెక్క ఉంది. 2018 మార్చిలో ఆధార్ కేసు నడుస్తున్నప్పుడు యూఐడీఏఐ సీఈవో సుప్రీంకోర్టుకి స్వయంగా ప్రజెంటేషన్ ఇచ్చారు. ప్రభుత్వ సేవల్లో అథెంటికేషన్ సక్సెస్ 88 శాతం అని అందులో వచ్చింది. అంటే వందలో పన్నెండు ఫెయిల్. ఫెయిల్ అయితే సేవ ఆపేస్తామని కాదు, వేరే మార్గాలు ఉంటాయి అని వాళ్ళు వివరణ ఇచ్చారు. అదీ నిజమే. రూల్‌లో ఉంది.

ఆ రూల్ వెనక ఒక విషాదం ఉంది. 2017 సెప్టెంబరులో జార్ఖండ్ సిమ్డేగా జిల్లాలో పదకొండేళ్ళ పాప చనిపోయింది. ఆధార్ లింక్ కాలేదని కార్డు రద్దై, నెలల తరబడి బియ్యం అందక ఆకలితో పోయిందని కుటుంబం, ఆహార హక్కు కార్యకర్తలు చెప్పారు. మలేరియా అని ప్రభుత్వం అంది. ఆ గొడవ తర్వాత 2017 అక్టోబరు 24న కేంద్రం రాష్ట్రాలకి ఆదేశం పంపింది: ఆధార్ లేదనో, వేలిముద్ర పడలేదనో అర్హులకి రేషన్ ఆపొద్దు, వేరే రుజువు చూసి, రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వండి అని. మన రాష్ట్రంలో వేలు పడనివాళ్ళకి వీఆర్వో తన వేలు పెట్టి ఇప్పించే పద్ధతి కూడా ఉండేది. చాలా డిపోలకి కళ్ళు స్కాన్ చేసే ఐరిస్ మిషన్లు కూడా వచ్చాయి.

మరి ఆ స్క్రీన్ మీద "వీఆర్వో ద్వారా ఇవ్వవచ్చు" అనే లైను తెలుగులో వచ్చి ఉంటే? క్యూలో మామ్మ వెనకాల ఉన్న పదో తరగతి కుర్రాడైనా చదివి వినిపించేవాడు. "రేపు రా" అనే మాటకి కనీసం ఎదురు మాట ఉండేది. తన హక్కు ఏమిటో మనిషికి చెప్పని మెసేజ్ దగ్గర డీలరు మాటే చట్టం అయిపోతుంది. డీలర్ల మీద నాకు కోపం లేదు, వాళ్ళకీ ఆ నంబరు అర్థం ఎవరూ చెప్పలేదు.

ఇంతా చెప్పి తెలుగు సంగతి చెప్పకపోతే ఎలా? 2018 ఫిబ్రవరిలో మన తెలుగు అక్షరం ప్రపంచాన్ని వణికించింది, గుర్తుందా? "జ్ఞా". ఈ అక్షరం మామూలుగా రాస్తే ఏం కాదు. మధ్యలో కంటికి కనపడని ఒక నాన్-జాయినర్ కోడ్ ఇరుక్కుంటే మాత్రం, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్‌లో అది చూపించబోయిన యాప్ ధనామని పడిపోయేది. నోటిఫికేషన్‌లో వస్తే ఫోన్ మొత్తం హోమ్ స్క్రీన్ దగ్గర తిరుగుతూ ఉండేది. ఎర్రర్ మెసేజ్ ఏంటంటే, అసలు ఏమీ లేదు. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్‌తో సరిచేశారు. ఆ వారం ప్రపంచం మొత్తం దాన్ని "కిల్లర్ క్యారెక్టర్" లాగా చూసింది. తప్పు చేసింది సాఫ్ట్‌వేర్, పేరు పోయింది జ్ఞానానికి. మా మామ్మ వేలు లాగే.

మీలో చాలామందికి రేషన్ క్యూ తెలియకపోవచ్చు, కానీ యూపీఐ తెలుసు కదా. టీ కొట్టు దగ్గర డబ్బులు కట్ అయ్యాయి, ఆయనకి రాలేదు. స్క్రీన్ మీద "ప్రాసెసింగ్". మీరు ఆయన్ని చూస్తారు, ఆయన మిమ్మల్ని చూస్తాడు, ఇద్దరిలో ఒకరు దొంగ అన్నట్టు ఉంటుంది. లోపల మాత్రం స్పష్టమైన కోడ్లు ఉంటాయి. జెడ్9 అంటే ఖాతాలో డబ్బు చాల్లేదు. జెడ్‌ఎం అంటే పిన్ తప్పు. యూ30 అంటే డెబిట్ ఫెయిల్. బ్యాంకుకి తెలుసు, యాప్‌కి తెలుసు, మనకి మాత్రం "ఏదో తప్పు జరిగింది". ఎవరి తప్పు?

ఇది మాత్రం స్క్రీన్‌షాట్ తీసుకోండి. 2019 సెప్టెంబరు 20న రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. యూపీఐలో ఒకరికి డబ్బు పంపినప్పుడు మీ ఖాతాలో కట్ అయి అవతలి వాళ్ళకి చేరకపోతే, లావాదేవీ రోజు తర్వాత ఒక్క రోజులో డబ్బు వెనక్కి రావాలి. షాపుకి కట్టిన పేమెంట్ అయితే అయిదు రోజులు. ఏటీఎంలో నోట్లు రాకపోయినా అయిదు రోజులే. అది దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం, అదీ మీరు అడక్కుండానే బ్యాంకు ఇవ్వాలి. ఈ లైను ఏ ఫెయిల్యూర్ స్క్రీన్ మీదైనా చూశారా? నేను చూడలేదు.

ఇప్పుడు నా వంతు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో చేసేవాడిని, పేరు వద్దు. ఫీజులు కట్టే యాప్ మాది. పేమెంట్ దగ్గర రకరకాల ఎర్రర్లు వచ్చేవి, శుక్రవారం రిలీజ్, టైము లేదు. నేను అన్నిటినీ కలిపి ఒకే చోట పట్టుకుని ఒకే మెసేజ్ పెట్టేశాను: "సమ్‌థింగ్ వెంట్ రాంగ్, ప్లీజ్ ట్రై అగైన్". కోడ్ రివ్యూలో ఎవరూ ఏమీ అనలేదు. శుభ్రంగా ఉంది అన్నారు కూడా.

రెండు వారాలకి ఒక కంప్లైంట్ నా టేబుల్ మీదకి వచ్చింది. ఒక తండ్రి తన కూతురి ఫీజు మూడుసార్లు కట్టాడు. డబ్బు కట్ అయింది, మా వైపు కన్ఫర్మేషన్ రాలేదు, స్క్రీన్ మళ్ళీ ట్రై చేయమంది, ఆయన చేశాడు. మళ్ళీ చేశాడు. మిషన్ చెప్పింది విన్నాడు, అదే ఆయన చేసింది. మూడోసారికి ఖాతాలో ఏమీ మిగల్లేదు. డబ్బు వెనక్కి వచ్చింది లెండి, కొన్ని రోజులు పట్టింది. కానీ ఆ కంప్లైంట్‌లో ఆయన రాసిన మొదటి వాక్యం, "నాకు ఫోన్ సరిగ్గా వాడడం రాదు సార్, తప్పు నాదే అనుకుంటున్నాను" అని. థెరాక్ గురించి చదివింది ఆ తర్వాతే. పి బటన్ పెట్టినవాణ్ణి నేనే.

ఆ మెసేజ్ మార్చడానికి నాకు పట్టింది ఒక మధ్యాహ్నం. "మీ డబ్బు కట్ అయి ఉండొచ్చు. మళ్ళీ కట్టకండి. రేపటి లోపు చెప్తాం." మూడు వాక్యాలు. మూడోదాని గురించి మా మేనేజర్‌తో గంట వాదించాల్సి వచ్చింది, మాట ఇస్తే నిలబెట్టుకోవాలి కదా అని ఆయన భయం.

మామ్మ సంగతి చెప్పలేదు కదూ. ఆ నెల చివరికి మా పిన్ని వెళ్ళి వేలు పెట్టి బియ్యం తెచ్చింది. కార్డులో పేరున్న ఎవరి వేలైనా సరిపోతుందని మాకు అప్పుడే తెలిసింది. అంతే, అప్పటి నుంచి మామ్మ డిపోకి వెళ్ళడం మానేసింది. తర్వాత ఇంటి ముందుకే రేషన్ వ్యాన్లు వచ్చాయి, 2025లో అవి పోయి మళ్ళీ డిపోలే వచ్చాయి. ఏది వచ్చినా ఆవిడ వేలు పెట్టదు, పిన్నినే పంపుతుంది.

మొన్న ఈ ఎపిసోడ్ కోసం ఆ కోడ్ల పట్టిక తీసి ఆవిడకి చదివి వినిపించాను. 562 గురించి చెప్పాను, మిషన్ గడియారం తప్పైనా వేలు పడలేదనే అంటారు మామ్మా అని. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి, "మరి ఆ రోజు నువ్వు కూడా అరిగిపోనాయనే అన్నావు గదా" అంది.

సరేనండీ, కోడి మళ్ళీ మొదలుపెట్టింది. వచ్చే వారం కలుద్దాం.